సేవ్ కాని లింకు: ఒక పంచారామాల సైటు కేసు

కార్తీక మాసం రెండో వారంలో రాజమండ్రి నుంచి ఫోన్ వచ్చింది. పంచారామాల యాత్రకి కార్లు, టెంపోలు మాట్లాడిపెట్టే కుటుంబం వాళ్ళది. చాలా ఏళ్ళుగా వాళ్ళకో వెబ్‌సైటు ఉంది. అమరావతి, ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం, ఐదు క్షేత్రాల వివరాలూ, దర్శనం వేళలూ, ఎటునుంచి ఎటు వెళ్ళాలో, అడుగున బుకింగ్ నంబరూ ఉంటాయి. కార్తీకంలో ఆది, సోమవారాలు వాళ్ళకి అన్నం తినే తీరిక ఉండదు. అలాంటిది సోమవారం పూట ఆయనే ఫోన్ చేశారు.

“ఏవండీ, మా సైటు పేరు పెడితే వికీపీడియాలో సేవ్ అవ్వట్లేదంటండీ. వైరస్ ఏమన్నా పట్టిందేమో ఓసారి చూస్తారా?”

వైరస్ కాదు. తెలుగు వికీపీడియాలో రాసే ఒక రిటైర్డ్ మాస్టారు ద్రాక్షారామం వ్యాసాన్ని బాగుచేస్తూ, వీళ్ళ సైటులో ఉన్న ఒక శాసనం ఫొటో పేజీని లింకుగా ఇవ్వబోయారు. పేజీ భద్రం కాలేదు. మీరు ఇచ్చిన చిరునామా స్పామ్ జాబితాలో ఉంది, దాన్ని తీసేస్తేనే మార్పు తీసుకుంటాం అని అడ్డం పడింది. ఆయన పద్ధతైన మనిషి కాబట్టి సైటులో ఉన్న నంబరుకి ఫోన్ చేసి, బండి బుక్ చేసుకోవడానికి కాదని ముందే చెప్పి, విషయం చెప్పారు.

నేను పదిహేనేళ్ళుగా ఎస్ఈఓ పని, అంటే గూగుల్‌లో వెతికితే సైట్లు పైన కనిపించేలా చూసే పని చేస్తున్నాను. సైటు పేరు, మనుషుల పేర్లు రాయనని మాట ఇచ్చాను కాబట్టి అవి తప్ప మిగతాదంతా ఇక్కడ రాస్తున్నాను. నేను చేసిన పొరపాటు కూడా.

ఎక్కడ మొదలైంది

వికీపీడియా, దాని తోబుట్టువు సైట్లు, అంటే వికీమీడియా ప్రాజెక్టులన్నిటికీ కలిపి, వాటి ఉమ్మడి పనులు నడిచే మెటా వికీ అనే సైటులో ఒక స్పామ్ బ్లాక్‌లిస్టు, అంటే నిషేధించిన లింకుల జాబితా ఉంటుంది. అది కాక ఏ భాష వికీకి ఆ భాషలో సొంత జాబితా ఉండొచ్చు. మన డొమైన్, అంటే సైటు చిరునామా, మెటా జాబితాలో ఉంది. అంటే తెలుగులోనే కాదు, ఏ భాష వికీపీడియాలోనూ మామూలుగా ఆ సైటుకి లింకు పెట్టి సేవ్ చెయ్యలేరు. అంతకన్నా ఇబ్బంది ఏంటంటే, వికీపీడియాతో సంబంధం లేకుండా మీడియావికీ సాఫ్ట్‌వేర్ మీద నడిచే వేరే సైట్లు కూడా కావాలనుకుంటే ఇదే జాబితా తెచ్చుకుని వాడుకోవచ్చు.

ఎవరు, ఎందుకు చేర్చారో కూడా అక్కడే రాసి ఉంటుంది. అంతేకాదు, లింకుల్ని కనిపెట్టుకుని ఉండే బాట్ (తనంతట తానే పనిచేసే ప్రోగ్రాం) ఒకటి తయారుచేసిన నివేదిక కూడా దొరికింది. ఏ వాడుకరి, ఏ భాషలో, ఏ పేజీలో, ఏ నిమిషంలో మన లింకు పెట్టాడో వరసగా ఉంది. నేను ఆడిట్ చేద్దామని కూర్చుంటే ఆడిట్ ఎవరో ముందే చేసిపెట్టారు.

యజమానిని అడిగితే రెండేళ్ళ కిందటి సంగతి గుర్తుచేసుకున్నారు. ఒక ఏజెన్సీకి ఆరు నెలలు పని ఇచ్చారట. “వికీపీడియా బ్యాక్‌లింక్స్, హై అథారిటీ” అని, అంటే పేరున్న సైటు నుంచి మన సైటుకి లింకులు పెట్టిస్తామని, ప్యాకేజీలో ఒక లైను ఉందట. నెలనెలా ఎక్సెల్ షీట్ వచ్చేది. ఆ షీట్లు ఇంకా ఆయన మెయిల్లోనే ఉన్నాయి. బాట్ నివేదిక, ఆ షీట్ పక్కపక్కన పెట్టుకుంటే వరసలు సరిగ్గా అతికాయి.

పని మూడు విడతలుగా జరిగింది. మొదట సైటు పేరునే వాడుకరి పేరుగా పెట్టి ఖాతా తెరిచారు. ఐదు ఆరామాల వ్యాసాల్లో “బయటి లింకులు” కింద సైటు చేర్చారు. ఇంతవరకే ఉంటే ఎవరైనా చూసి తీసేసి, ఒక ముక్క చెప్పి ఊరుకునేవారు. తర్వాత చుట్టుపక్కల గ్రామాల పేజీలమీద పడ్డారు. తెలుగు వికీలో ఆంధ్ర, తెలంగాణ ఊళ్ళకి వేలకొద్దీ పేజీలున్నాయి. వాటిని రోజూ చూసేవాళ్ళు తక్కువ. ఊరి జనాభా లెక్క పక్కన మూలంగా మన సైటుని పెట్టారు. జనాభా లెక్కకి టూర్ల సైటు మూలం ఏంటో ఆ భీమేశ్వరుడికే తెలియాలి. మన సైటులో ఆ అంకె లేనే లేదు.

మూడో విడత కాస్త తెలివైంది, కాబట్టి ఎక్కువ చెడ్డది. పాత వ్యాసాల్లో పనిచెయ్యని లింకులు వెతికి, వాటి స్థానంలో మన పేజీ పెట్టడం. మా రంగంలో దీన్ని బ్రోకెన్ లింక్ బిల్డింగ్ అంటారు, కోర్సుల్లో పాఠంగా చెప్తారు. చచ్చిన పత్రికా కథనం లింకు తీసేసి, అదే విషయం మీద మనం రాసుకున్న రెండు పేరాల పేజీ అక్కడ అంటించడం. పైకి మరమ్మతులా ఉంటుంది. కానీ పాత లింకు చచ్చినా దాని కాపీ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉండొచ్చు. దాన్ని తెచ్చి అతికించడానికి వికీలో వేరే బాట్ తిరుగుతూ ఉంటుంది. అసలు చిరునామానే చెరిపేస్తే ఆ బాట్ దేన్ని వెతకాలి? వ్యాసానికి ఉన్న ఒక్క ఆధారమూ పోతుంది. మొత్తం కేసులో నాకు నిజంగా కోపం వచ్చింది ఇక్కడే.

తెలుగు వికీ నిర్వాహకుల్లో ఒకరు ఆ ఖాతా చర్చ పేజీలో మూడుసార్లు రాశారు. మొదటిసారి స్వాగతం చెప్పి, ఇలా లింకులు చేర్చడం పద్ధతి కాదండీ, వ్యాసంలో సమాచారం రాయండి, సాయం కావాలంటే రచ్చబండలో (తెలుగు వికీలో అందరూ మాట్లాడుకునే పేజీ) అడగండి అని. రెండోసారి కాస్త గట్టిగా. మూడోసారి నిరోధిస్తామని. మూడింటికీ జవాబు లేదు. షీట్ నింపే కుర్రాడికి చర్చ పేజీ అనేది ఒకటుందని కూడా తెలిసి ఉండదు. ఆ రోజు టార్గెట్ లింకులు పెట్టామా, స్క్రీన్‌షాట్ తీశామా, అంతే. నేను ఆ కుర్రాణ్ణి తప్పుపట్టలేను. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో అమీర్‌పేటలో అద్దె గదిలో కూర్చుని నేనూ అలాంటి షీట్లు నింపాను. డైరెక్టరీలు, బ్లాగు కామెంట్లు, వాటి కింద “వికీ” అని ఒక కాలమ్.

ఖాతాని నిరోధించాక వాళ్ళు ఆగి ఉండాల్సింది. ఇంకో రెండు ఖాతాలు తెరిచి, ఇంగ్లిష్, హిందీ, తమిళ, కన్నడ వికీల్లోకి వెళ్ళారు. నిరోధించిన మనిషి వేరే పేరుతో రావడం, దానికి తోడు ఒకే లింకు పలు భాషల్లో పడటం, ఈ రెండూ కలిస్తే విషయం మెటాకి పోతుంది. పోయింది.

వచ్చిందేంటి

“పోనీండి, కొంతకాలం ఉన్నాయిగా లింకులు. దానివల్ల ఏమన్నా కలిసొచ్చిందా?” అని అడిగారు యజమాని. వ్యాపారం చేసేవాడు అడగాల్సిన ప్రశ్నే.

అనలిటిక్స్ తీసి చూశాను. లింకులు బతికున్న రోజుల్లో వికీపీడియా నుంచి వచ్చినవాళ్ళు నెల మొత్తానికి వేళ్ళ మీద లెక్కపెట్టేటంత. వాళ్ళలో బుకింగ్ పేజీదాకా వెళ్ళినవాళ్ళు ఒక్కరూ లేరు. ఫోన్లు ఎక్కడినుంచి వస్తున్నాయో ఆయనకే బాగా తెలుసు: గూగుల్ మ్యాప్‌లో ఆఫీసు పేరు చూసి, లేదా కిందటేడు వెళ్ళొచ్చినవాళ్ళు వాట్సాప్‌లో నంబరు పంపితే.

మరి ర్యాంకింగ్, అంటే గూగుల్ ఫలితాల్లో పైకి రావడం? వేరే సైటు నుంచి వచ్చే లింకుని గూగుల్ ఒక ఓటులా చూస్తుంది. ఏజెన్సీలు అమ్మేది ఆ ఆశనే. 2005 జనవరిలో గూగుల్, యాహూ, ఎంఎస్ఎన్ కలిసి నోఫాలో అనే గుర్తు తెచ్చాయి. అప్పటి బాధ బ్లాగు కామెంట్లలో స్పామ్. లింకుకి ఆ గుర్తు ఉంటే దాన్ని ఓటుగా లెక్కవెయ్యరు. 2007 జనవరిలో ఇంగ్లిష్ వికీపీడియా తన వ్యాసాల్లోని బయటి లింకులన్నిటికీ అది తగిలించింది. తెలుగు వికీలోనూ అంతే. 2019 సెప్టెంబరులో గూగుల్ మాట కొంచెం మార్చి, నోఫాలోని ఇకమీదట ఆజ్ఞలా కాకుండా సూచనలా చూస్తామంది. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని “వికీ లింకులకి మళ్ళీ విలువొచ్చింది” అని ప్యాకేజీల ధర పెంచినవాళ్ళని నేను ఎరుగుదును. ఈ సైటు విషయంలో లింకులు పడిన నెలల్లో గానీ, ఊడిన నెలల్లో గానీ సెర్చ్ కన్సోల్ (గూగుల్‌లో సైటు ఎలా కనిపిస్తోందో చూపే పరికరం) గీతలో నాకు కదలిక కనిపించలేదు. కార్తీకంలో లేచింది, మార్గశిరంలో పడింది. అది ప్రతి ఏడూ చేసే పనే.

“మరి ఎవరైనా మార్చొచ్చు అంటారు కదండీ వికీపీడియాని. మనం మారిస్తే తప్పెలా అయ్యింది?”

ఈ మాట క్లయింట్లందరూ అడుగుతారు. కొందరు వెటకారంగా అడుగుతారు, ఈయన నిజంగా తెలుసుకుందామని అడిగారు. గుడి మండపంలో ఎవరైనా కూర్చోవచ్చు, మీ టెంపో బ్యానరు కట్టడానికి మాత్రం ఒప్పుకోరు కదా అన్నాను. ఆయన నవ్వి, “కడతారండీ, ఎండోమెంటోళ్ళు చూసేదాకా” అన్నారు. నిజమే. తేడా ఏంటంటే మండపంలో బ్యానరు విప్పేస్తే జాడ ఉండదు. వికీలో ప్రతి పేజీకి “చరిత్ర” అనే ట్యాబు ఉంటుంది. తీసేసిన లింకు కూడా ఎవరు పెట్టారో, ఎవరు తీశారో, తీస్తూ ఏమన్నారో అన్నీ అందులో ఉంటాయి. ఈ కుటుంబం ఇంటిపేరు వాళ్ళ సైటు పేరులోనే ఉంది. ఆ ఇంటిపేరు పక్కన “స్పామ్” అని ఐదు భాషల్లో రాసి ఉంది. ఆయన ముఖం మాడింది ఆ పేజీలు చూపించినప్పుడే, లెక్కలు చెప్పినప్పుడు కాదు.

పెద్ద కంపెనీలకీ ఇదే గతి పట్టింది. 2019 మేలో జాకెట్లు, బ్యాగులు అమ్మే నార్త్ ఫేస్ కంపెనీ బ్రెజిల్ విభాగం, లియో బర్నెట్ టైలర్ మేడ్ అనే యాడ్ ఏజెన్సీ కలిసి ఒక ఎత్తు వేశాయి. జనం ప్రయాణాలకి ముందు గూగుల్‌లో ఆ చోటి ఫొటోలు వెతుకుతారు, ముందుగా కనిపించేది తరచూ వికీపీడియా ఫొటో. కాబట్టి బ్రెజిల్‌లోని గ్వారిటా పార్కు, స్కాట్లాండ్‌లోని కూలిన్ కొండలు వంటి పేజీల్లో ఉన్న ఫొటోలు తీసి, తమ జాకెట్లు, బ్యాగులు కనిపించే ఫొటోలు పెట్టారు. అక్కడితో ఆగితే ఎన్నాళ్ళకి దొరికేవారో. పైసా ఖర్చు లేకుండా సాధించామని వాళ్ళే వీడియో తీసి చెప్పుకున్నారు. వికీపీడియాతో కలిసి పనిచేశామన్నట్టు చెప్పేసరికి వికీమీడియా ఫౌండేషన్ బహిరంగంగా ఖండించింది. వాలంటీర్లు ఫొటోలు తీసేశారు, కొన్నిచోట్ల బ్రాండు గుర్తు కనపడకుండా కత్తిరించి ఉంచారు. కంపెనీ క్షమాపణ చెప్పి ప్రచారం ఆపేసింది. ఇప్పుడు ఆ కథ ఆ కంపెనీ వికీపీడియా చరిత్రలో భాగం.

యజమాని ఇదంతా విని, “వాళ్ళు జాకెట్లమ్ముకునేవాళ్ళు, తట్టుకుంటారు లెండి” అన్నారు.

నా పొరపాటు

చెయ్యాల్సినవి వరసలో చెయ్యకుండా, ముందు మెటాలో డొమైన్ తీసెయ్యమని నేనే అర్జీ పెట్టాను. కొత్త ఖాతా, మొదటి దిద్దుబాటే అర్జీ. ఒక్క లైనులో కొట్టేశారు. సైటు యజమాని గానీ, వాళ్ళ తరఫు మనిషి గానీ అడిగితే సాధారణంగా వినరు. ఈ సైటు మాకు పనికొస్తుందని వికీలో చాలాకాలంగా రాస్తున్నవాళ్ళు ఎవరైనా, వాళ్ళంతట వాళ్ళు అడిగితే చూస్తారు. ఇది నాకు తెలియని సంగతేం కాదు. కార్తీకం అయిపోతోందన్న టెన్షన్‌లో తొందరపడ్డాను. తొందరపడినందువల్ల బాట్ నివేదిక కింద ఇంకో వరస చేరింది, ఈసారి నా పేరుతో.

ఆ వారంలోనే ఇంకొకటి జరిగింది. యజమానికి ఒక మెయిల్ వచ్చింది. వికీపీడియా బ్లాక్‌లిస్టు నుంచి మీ సైటు తీయిస్తాం, లోపల మావాళ్ళున్నారు, ఇంత ఖర్చవుతుంది అని. నా అర్జీ చూసి పట్టుకుని ఉంటారు, అది బహిరంగ పేజీ కాబట్టి. ఆయన కాస్త మెత్తబడ్డారు కూడా. అప్పుడు ఆరెంజ్‌మూడీ సంగతి చెప్పాను. 2015లో ఇంగ్లిష్ వికీపీడియాలో బయటపడిన ముఠా అది. తిరస్కరించిన చిత్తుప్రతులు వెతికి, ఆ చిన్న వ్యాపారులకి మెయిల్ కొట్టి, డబ్బు తీసుకుని వ్యాసం పెట్టించి, తర్వాత దాన్ని కాపాడటానికి నెలనెలా ఇంత కట్టమనేవాళ్ళు. మొత్తం 381 ఖాతాలు నిరోధించారు, 210 వ్యాసాలు తొలగించారు. డబ్బు కట్టినవాడికి చివరికి వ్యాసమూ లేదు, డబ్బూ లేదు. ఆయన మెయిల్ డిలీట్ చేశారో లేదో నేను అడగలేదు.

పెద్దాయన సీడీలు

తర్వాత పద్ధతిగా చేశాం. 2014 జూన్ నుంచి వికీమీడియా వాడుక నియమాల్లో ఒక షరతు ఉంది: డబ్బు తీసుకుని దిద్దుబాట్లు చేసేవాళ్ళు ఎవరి తరఫున చేస్తున్నారో బయటపెట్టాలి. అంతకుముందు ఏడు వికీ-పీఆర్ అనే అమెరికా సంస్థ వ్యవహారం బయటపడి, 250కి పైగా ఖాతాల్ని నిరోధించిన గొడవ తర్వాత ఈ షరతు వచ్చింది. నా వాడుకరి పేజీలో ఫలానా సైటువాళ్ళు నాకు డబ్బిస్తున్నారని రాశాను. తెలుగు వికీ రచ్చబండలో, మా తరఫున నడిచిన మూడు ఖాతాలు ఇవి, మార్చిన పేజీలు ఇవి, జనాభా మూలాలు తప్పుడివి, చెరిపేసిన పాత లింకులు ఇవి అని ఆ ఎక్సెల్ షీటు వివరాలన్నీ పెట్టాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకాయన “ఉపయోగపడుతుంది” అన్నారు. ఒకావిడ, ఇంకా ఇలాంటి షీట్లు మీ దగ్గర ఎన్నున్నాయి అని అడిగారు. ఆ ప్రశ్నకి నేను ఇప్పటికీ సరైన జవాబు రాయలేదు. తర్వాత రెండు వారాల్లో వాళ్ళే పాత లింకులు వెనక్కి తెచ్చుకున్నారు. మేము పేజీల్లో చెయ్యి పెట్టలేదు.

అసలు దారి చూపించింది మాస్టారే. ద్రాక్షారామం శాసనాల పాఠం కావాలంటే నాకు మీ సైటు అక్కర్లేదండీ, దక్షిణ భారత శాసనాల నాలుగో సంపుటం ఉంది, 1923లో అచ్చయింది, అదే మూలంగా ఇస్తాను అన్నారు. మీ సైటులో ఉన్న వివరణ కూడా అందులోంచి తీసుకున్నదేగా అని కూడా అన్నారు, నొప్పించకుండా. అందులో లేనిది, మీ దగ్గర ఉన్నది ఫొటో ఒక్కటే అన్నారు.

ఆ ఫొటోలు యజమాని నాన్నగారు తీసినవి. టెలిఫోన్స్ డిపార్ట్‌మెంట్లో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగం మీద ఊళ్ళు తిరుగుతూ గుడి ప్రాకారాల్లో స్తంభాల మీద అక్షరాలు ఏటవాలు వెలుతురు పడే వేళ చూసి తీసేవారు. పొద్దున ఏడున్నరకి, మళ్ళీ సాయంత్రం నాలుగు దాటాక. నడినెత్తిన ఎండలో తీస్తే అక్షరం కనపడదని నాకు క్లాసు పీకారు. సైటులో పెట్టినవాటి మీద అడ్డంగా ఫోన్ నంబరుతో వాటర్‌మార్కు ఉంది. అసలువి ఒక బిస్కెట్ల డబ్బాలో సీడీల్లో ఉన్నాయి. సగం సీడీలు తెరుచుకోలేదు. మిగతా సగం కాపీ చెయ్యడానికి డ్రైవున్న కంప్యూటరు దొరకడమే ఒక పని అయ్యింది.

అన్ని భాషల వికీపీడియాలూ ఫొటోలు తీసుకునే ఉమ్మడి భాండారం వికీమీడియా కామన్స్. అందులో పెట్టాలంటే స్వేచ్ఛా లైసెన్సు ఇవ్వాలి. మేము ఎంచుకున్నది సీసీ బై-ఎస్ఏ 4.0. అంటే పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, వ్యాపారానికి కూడా. మార్చి వాడితే అదే లైసెన్సు కింద ఇవ్వాలి. “వ్యాపారానికి కూడా” అన్న మాట దగ్గర మూడు రోజులు ఆగింది. కాకినాడలో ఇంకో టూర్లవాళ్ళు ఉన్నారు, రేపు మా నాన్న ఫొటో వాళ్ళ బ్రోచర్లో వేసుకుంటారు కదండీ అన్నారు యజమాని. వేసుకుంటారు, మీ నాన్నగారి పేరు వెయ్యాలి, అంతే అన్నాను. వాటర్‌మార్కు ఉంచుకోనివ్వరా? ఉంటే ఎవరూ వ్యాసంలో వాడరు. వ్యాపారానికి వీల్లేదన్న లైసెన్సు ఉంది కదా, అది ఇద్దాం. అది కామన్స్‌లో చెల్లదు. ఇలా నడిచింది. ఇక్కడ నేను ఆయన్ని ఒత్తిడి పెట్టలేదు. ఇవ్వకపోయినా తప్పు లేదని చెప్పాను, అది నిజం కూడా.

పెద్దాయన పక్క కుర్చీలో కూర్చుని అంతా విని ఒక్కటే అడిగారు. “కింద పేరు వేస్తారా బాబూ?”

“వేస్తారండీ. లైసెన్సులో ఉంది.”

“ఆయ్. అయితే ఇచ్చెయ్.”

ఇచ్చెయ్ అన్నది కొడుకుతో. ఆ సాయంత్రమే అనుమతి మెయిల్ రాయించాం. ఫొటోలు ముందే వాళ్ళ సైటులో “అన్ని హక్కులూ మావే” అని ఉన్నాయి కాబట్టి, తీసిన మనిషి నుంచి కామన్స్ అనుమతుల బృందానికి మెయిల్ వెళ్ళాలి. వాళ్ళూ వాలంటీర్లే. జవాబు రావడానికి వారాలు పట్టింది, వచ్చింది. ఫొటోల కింద గుడి పేరు, స్తంభం ఏ వైపుదో, తీసిన ఏడు, పెద్దాయన పేరు రాశాం. సైటు పేరు రాయలేదు. రాద్దామా అని యజమాని ఒకసారి నా వైపు చూశారు, తనే తల అడ్డంగా ఊపుకున్నారు.

ఏ వ్యాసంలో ఏ ఫొటో పెట్టాలో మాస్టారు, ఇంకో ఇద్దరు చూసుకున్నారు. మేము చర్చ పేజీలో ఫలానావి ఉన్నాయి అని చెప్పడం వరకే.

ఇది రాసే నాటికి డొమైన్ ఇంకా ఆ జాబితాలోనే ఉంది. తీయించమని మాస్టార్ని అడగొద్దని యజమానికి చెప్పాను, ఆయన అడగలేదు. కాకినాడ వాళ్ళు నిజంగానే ఒక ఫొటో వాడుకున్నారు, పేరు వెయ్యకుండా. దానికి మాత్రం పెద్దాయన స్వయంగా ఫోన్ చేసి దులిపేశారట, మర్నాటికి పేరు పడింది.

పెద్దాయనకి ఇప్పుడు పొద్దున కాఫీ అయ్యాక కామన్స్ తెరిచి, తన ఫొటో ఏయే పేజీల్లో వాడారో చూసుకోవడం అలవాటైంది. మొన్న ఒకటి ఏదో తెలియని లిపిలో ఉన్న పేజీలో కనిపించిందట. అది ఏ భాషో చెప్పమని నాకు స్క్రీన్‌షాట్ పంపారు. జార్జియన్.